హీరో వేసింది వేరు, మా టైలరు కుట్టింది వేరు

తొంభైల ఫ్యాషన్ గురించి ఎవరిని కదిలించినా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. హీరో తెరమీద వేశాడు, జనం చూసి కుట్టించుకున్నారు, అయిపోయింది. ఇప్పుడు ఫోన్లో వచ్చే రీల్స్‌లో కూడా అదే కథ: ఒక బ్యాగీ ప్యాంటు, నడిమి పాపిడి, వెనకాల ఒక రెహమాన్ పాట. నేను పుట్టింది పుత్తూరులో, 1995లో ఇంటర్‌కి తిరుపతి వచ్చినవాణ్ణి, ఆ బట్టలు తొడిగి తిరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆ కథలో సగమే నిజం. మిగతా సగం తెరకీ మా ఒంటికీ మధ్యలో జరిగింది. ఆ మధ్యలో రేకు డబ్బాలున్నాయి, మిద్దెమీద ఏంటెనా ఉంది, మద్రాసు ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా మెడలో టేపు వేసుకుని, సినిమాకి పోయే తీరిక కూడా లేని ఒక మనిషి ఉన్నాడు. ఆయనతోనే మొదలుపెడతా, ఎందుకంటే నా ప్యాంటు పాడుచేసింది ఆయనే.

ప్రేమికుడు 1994లో వచ్చింది. ప్రభుదేవా ఒంట్లో అసలు ఎముకలున్నాయా అని మాట్లాడుకుంటూ హాల్లోంచి బయటికొచ్చిన మాకు, ఆ డాన్సు ఎటూ రాదని తెలుసు కాబట్టి ఆ ప్యాంటయినా రావాలనిపించింది. తొడల దగ్గర గోనెసంచి అంత వదులు, కిందికి వచ్చేసరికి మడమల దగ్గర బిగుతు. సంక్రాంతికి నాయన ప్యాంటు బిట్టు తీసిచ్చాడు. టైలరన్న కొలతలు తీసుకుంటూ "బాటం పద్నాలుగు పెడతాలేబ్బా" అన్నాడు, అంటే కాలి చివర చుట్టుకొలత పద్నాలుగు అంగుళాలు. నేను "ఇంకా తగ్గించన్నా" అన్నా. "పదమూడు?" "ఇంకా." ఆయన నా మొహం వంక ఒకసారి చూసి, పుస్తకంలో పన్నెండు అని రాసుకున్నాడు. పండగ ముందురోజు రాత్రి పదింటికి ప్యాంటు చేతికొచ్చింది, ఇంటికొచ్చి వేసుకుంటే పాదం మడమ దగ్గర ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మా అమ్మ నవ్వాపుకుంటూ సరుకులు తెచ్చిన ప్లాస్టిక్ కవరు ఒకటి ఇచ్చింది, దాన్ని పాదానికి తొడుక్కుంటే అప్పుడు జారింది. ఆ ప్యాంటు ఉన్నన్నాళ్లూ నా జేబులో ఒక కవరు ఉండేది. తిరుపతి హాస్టల్లో దోస్తులు "పుత్తూరోడివి కదా, కాలికి కట్టు కట్టించుకున్నట్టే ఉందిలే" అని ఏడిపించేవాళ్లు. (పుత్తూరు కట్టు సంగతి తెలియనివాళ్లకి: మా ఊరు ప్యాంట్లకి కాదు, విరిగిన ఎముకలకి కట్టు కట్టడానికి ప్రసిద్ధి.)

ఆయన పాడుచేశాడన్నా గానీ, పన్నెండు పెట్టమన్నది నేనే. అయితే ఇప్పుడు ఆలోచిస్తే తప్పు మా ఇద్దరిదీ కాదు, గుడ్డది. తెరమీద ఆ ప్యాంటు ఎందుకు బాగుందంటే అది మెత్తటి, జారే గుడ్డ. మనిషి కదిలితే గుడ్డ ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది, ఆ ఆలస్యమే అందం. టైలర్లు దాన్ని 'ఫాల్' అంటారు. మాకు దొరికేది టెరికాటన్, లేకపోతే ఆఫీసుకెళ్లేవాళ్ల కోసం వచ్చే మందపాటి సూటింగు గుడ్డ. దాంట్లో నాలుగు ప్లీట్లు పెట్టి బ్యాగీ కుడితే తొడల దగ్గర సగం తెరిచిన గొడుగులా నిలబడేది. మామూలు ప్యాంటుకి మీటరూ ఇరవై సరిపోతే బ్యాగీకి ఇంకో ఇరవై ముప్ఫై సెంటీమీటర్లు కావాలి, ఒక్కో ప్లీటూ లోపల మడిచే గుడ్డ రెండింతలు తింటుంది మరి. నాయన తీసింది మీటరూ ఇరవయ్యే. దాంతో టైలరు తొడల దగ్గర కాస్త, ప్లీట్లలో కాస్త, బాటంలో కాస్త మిగిల్చి, మొత్తానికి బ్యాగీలాంటిది ఒకటి తేల్చాడు. ప్రభుదేవా వేసిన ప్యాంటూ నేను వేసిన ప్యాంటూ పేరుకే ఒకటి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ చెప్పగా వినలేదు. టైలరు సినిమా చూడడు. పండగ సీజన్లోనే పెద్ద సినిమాలొస్తాయి, పండగ సీజన్లోనే ఆయన రాత్రి రెండు దాకా మిషను తొక్కుతుంటాడు. ఆయనకి సినిమా అంటే మేం తీసుకెళ్లే కాగితం. సితారలోంచో జ్యోతిచిత్రలోంచో చింపిన రంగుల పేజీ. ఫోటోలో హీరో ఎప్పుడూ ముందువైపే కనిపిస్తాడు, అది కూడా చాలాసార్లు నడుము దాకానే. చొక్కా వెనకాల ఎట్లా ఉందో, ప్యాంటు వెనక జేబు ఎట్లా ఉందో కాగితంలో ఉండదు. అక్కడ ఆయనదే రాజ్యం. అందుకే ఒకే సినిమా చూసి కుట్టించుకున్న చొక్కాలు ముందునుంచి చూస్తే అన్నీ ఒకటే, వెనక్కి తిరిగితే బండ్లవీధి వాడెవడో బాలాజీ కాలనీ వాడెవడో తెలిసిపోయేది. ఒక టైలరు వీపుమీద అడ్డంగా వేరే రంగు పట్టీ వేస్తాడు, ఇంకొకాయన వెనక జేబుకి ముక్కోణం మూత పెట్టి స్టీలు గుండీ కొడతాడు. హీరోలకి లేని ఫ్యాషన్ అది. తిరుపతిది.

మా టైలరన్న కొలతల పుస్తకం పొడుగాటి అకౌంటు బుక్కు. ప్రతి బిల్లు దగ్గరా బిట్టులోంచి కత్తిరించిన వేలెడంత గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి ఉండేది, ఎవరి గుడ్డ ఏదో మారిపోకుండా. కింద పెన్సిలుతో పొడుగు, నడుము, సీటు, తొడ, మోకాలు, బాటం. పక్కన ఒక్కోసారి ఒక్క మాట, 'చిరు', 'నాగ్', 'వెంకీ'. అంటే చిరంజీవి టైపు కాలరు, నాగార్జున టైపు భుజం అని ఆయన గుర్తు. ఆ పేర్లు హీరోలవే అయినా ఆ కాలరు ఆయనది. 1991లో వచ్చిన సినిమా పేరుమీద 1997లో కూడా అదే కాలరు కుట్టేవాడు, ఈలోపు చిరంజీవి ఎన్ని కాలర్లు మార్చాడో ఆయనకి పట్టదు.

అసలు అటువైపు, అంటే సినిమా వైపు కూడా పరిస్థితి మరీ వేరుగా ఏం లేదు. ఇప్పట్లా హీరోకో డిజైనరు, హీరోయిన్‌కో స్టైలిస్టు అనే లెక్క మన సినిమాల్లో అప్పటికింకా కుదురుకోలేదు. టైటిల్స్‌లో 'కాస్ట్యూమ్స్' అని ఒక పేరు పడేది, ఆ పేరు గల మనిషి కత్తెర పట్టడం తెలిసినవాడు. ఆ పనినే ఇంటిపేరు చేసుకున్న కాస్ట్యూమ్స్ కృష్ణ గారు గుర్తున్నారు కదా, ఎన్నో సినిమాలకి బట్టలు కుట్టించి, 1991లో భారత్ బంద్‌తో నటుడై, 1997లో పెళ్లిపందిరి నిర్మించి, 2023లో చెన్నైలోనే పోయారు. చెన్నైలోనే అని ఎందుకంటున్నానంటే ఈ ముడి విప్పడానికి ఆ ఊరే కొస. తొంభైల మొదటి సగంలో కూడా తెలుగు సినిమా బట్టలు, ల్యాబులు, సంగీతం చాలావరకు మద్రాసులోనే. తిరుపతి నుంచి హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం, మద్రాసుకైతే పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి. కాబట్టి తెరమీదకి వెళ్లే గుడ్డా, మా దగ్గరకి వచ్చే గుడ్డా ఒకే ఊరి బజార్లో పుట్టేవి. మా బట్టల కొట్లవాళ్లు సరుకు తెచ్చేది అక్కణ్ణుంచే. హీరోయిన్ చీర గుడ్డ సినిమా రిలీజవక ముందే మా గాంధీ రోడ్డు కొట్లో దొరికినా ఆశ్చర్యం లేదు, అది ఆ హీరోయిన్ చీర అని తెలియకపోవడం ఒక్కటే లోటు. రిలీజయ్యాక అదే థానుకి సినిమా పేరు తగిలించి అమ్మేవాళ్లు.

ఇక డబ్బాలు. అప్పటి సినిమా అంటే ఫిలిం, వెయ్యి అడుగుల రీలు ఒకటి పదకొండు నిమిషాలు నడుస్తుంది, రెండున్నర గంటల సినిమాకి పద్నాలుగు రీళ్లు, అవన్నీ రేకు డబ్బాల్లో. ప్రింటు వేయించడం ఖర్చు, అందుకని లెక్కపెట్టి వేయించేవాళ్లు. అవి మొదట 'ఏ' సెంటర్లకి, అంటే పెద్ద ఊళ్లకి, మా తట్టు తిరుపతికి, చిత్తూరుకి. అక్కడ బాగా ఆడి, అరిగి, గీతలు పడ్డాక బీ సెంటర్లకి, తర్వాత సీ సెంటర్లకి, చివరికి టూరింగ్ టాకీసులకి. ఒకే ఊళ్లో రెండు హాళ్లకి ఒకటే ప్రింటయితే ఇక్కడ రీలు అయిపోగానే డబ్బాని స్కూటరు మీద అక్కడికి పరిగెత్తించేవాళ్లు. మధ్యలో రైల్వే గేటు పడితే అక్కడ జనం విజిల్స్. దీనివల్ల ఫ్యాషన్‌కి ఏమయిందంటే, అది ఒకేసారి రాలేదు, బస్సులాగా ఊరూరా ఆగుతూ వెళ్లింది. తిరుపతిలో కాలేజీ పిల్లలు ఇక చాల్లే అని పక్కన పడేసిన చొక్కా, సత్యవేడులోనో పుంగనూరులోనో అప్పుడే కొత్త. నేను హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికి పోతే పుత్తూరులో నా ప్యాంటు కొత్త ఫ్యాషన్, పిచ్చాటూరులో మా మామ ఇంటికి పోతే అదసలు ఫ్యాషన్ కాదు, వింత. ఒక ఏడాదిలో ఒకే ప్యాంటు మూడు వయసులు చూసింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. సినిమా వ్యాపారంలో మమ్మల్ని 'సీడెడ్' అంటారు. 1800లో నిజాం ఇంగ్లీషోళ్లకి వదిలేసిన జిల్లాలని ఆ పేరు. రాయలసీమ అని మంచి పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నా సినిమావాళ్లు మాత్రం పాతదే పట్టుకున్నారు. తమాషా ఏంటంటే అప్పటి చిత్తూరు జిల్లాలో ఎక్కువ భాగం అసలు ఆ వదిలేసిన లెక్కలోదే కాదు. మాది ఆర్కాటు నవాబు నుంచి పోయిన నేల. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు తీసి, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కలిపి జిల్లా చేశారు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. అంటే సినిమా డబ్బా లెక్కలో మేం కర్నూలు, అనంతపురంతో ఒక గుంపు, బట్టల లెక్కలో మాత్రం మద్రాసుతో ఒక గుంపు. మా ఊళ్లో పెద్దాళ్లకి తిరుత్తణి ఇంకా సంబంధాల ఊరే, అక్కడి అమ్మాయి కోడలుగా వస్తే అక్కడి కమ్మలూ, అక్కడి జడా, అక్కడి రవిక కుట్టూ ఆమెతోనే వస్తాయి. ఈ సంగతి పక్కన పెట్టి తొంభైల గురించి మాట్లాడితే మా జిల్లా అర్థం కాదు.

శుక్రవారం సాయంత్రం మా మిద్దెమీద యుద్ధం జరిగేది. హైదరాబాద్ దూరదర్శన్‌లో చిత్రలహరి, మద్రాసు దూరదర్శన్‌లో ఒలియుం ఒళియుం, రెండూ పాటల ప్రోగ్రాములే, రెండూ శుక్రవారమే. బూస్టరు పెట్టుకున్న ఇళ్లలో ఏంటెనా కాస్త తిప్పితే మద్రాసు వచ్చేది, చుక్కలు చుక్కలుగా, వాన కురుస్తున్నట్టు. మా జేజి తమిళం బాగా మాట్లాడేది, ఆమెకి అది కావాలి. మా అక్కకి చిత్రలహరి కావాలి. నేను పైన ఏంటెనా పట్టుకుని "వచ్చిందా?" అని అరుస్తుంటే కింద నుంచి ఒకేసారి "వచ్చింది", "పోయింది" అని రెండు జవాబులు.

తర్వాత కేబుల్ వచ్చింది. ఈ తేదీలు కాస్త గట్టిగా పట్టుకోండి, నా వాదన అంతా వీటిమీదే. సన్ టీవీ 1993 ఏప్రిల్ 14న మొదలైంది, తమిళ ఉగాది రోజు. తెలుగులో జెమినీ, ఈటీవీ రెండూ 1995లో వచ్చాయి, ఈటీవీ ఆగస్టు 27న. మధ్యలో దాదాపు రెండేళ్లు తిరుపతి కేబుల్లో దక్షిణాది ప్రైవేటు ఛానెల్ అంటే తమిళమే. ఆ రెండేళ్లు మా ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు రోజూ చూసిన ముఖాలూ, బట్టలూ, యాంకర్ల జుట్టూ, వాణిజ్య ప్రకటనల్లో నగలూ అన్నీ అటువైపువే. గుంటూరు, రాజమండ్రి వాళ్లకి తెలుగు హీరోయిన్ చూపించిన ఫ్యాషన్‌ని మాకు ఆ హీరోయినే తమిళంలో ముందుగా చూపించేది. ఇదేదో మాకు తెలుగు తక్కువ అన్నట్టు కాదు, ఏంటెనాకి భాష తెలియదు, దగ్గరున్నది పట్టుకుంటుంది, అంతే.

నదియానే చూడండి. ఇప్పటి పిల్లలకి ఆమె 2013లో అత్తారింటికి దారేదిలో అత్త. కానీ ఎనభైల చివర్లో తమిళనాడంతా నదియా కమ్మలు, నదియా గాజులు, నదియా క్లిప్పులు. ఆ గాలి నగరి మీదుగా మా దగ్గరకీ వచ్చింది, నేను బళ్లో ఉండగా మా పిన్నమ్మ చెవులకి అవే. మొన్నామధ్య టీవీలో ఆ సినిమా వస్తుంటే మా పిన్నమ్మ "ఈ పిల్ల కమ్మలు నా దగ్గర ఉండేవి" అంది, ఇంట్లో కుర్రాళ్లెవరికీ ఏం అర్థం కాలేదు. ఖుష్బూది ఇంకా చిత్రం. ఆమె దక్షిణాదిలో అడుగుపెట్టిందే తెలుగులో, 1986లో, వెంకటేష్ హీరోగా మొదటి సినిమా కలియుగ పాండవులులో. మనం పెద్దగా పట్టించుకోలేదు. తమిళంవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, తిరుచిరాపల్లిలో గుడి కట్టారు, ఆమె పేరుతో ఇడ్లీ కూడా అమ్మారు. అప్పుడు ఆ బుట్ట చేతుల రవిక, ఆ బొద్దుతనం మాకు అరవ ఫ్యాషన్‌గా తిరిగొచ్చింది. మనింటి వస్తువే పక్కింటికి పోయి, కొత్త పేరు పెట్టుకుని, మళ్లీ మనమే అడిగి తెచ్చుకున్నట్టు. మగవాళ్ల వైపు దీనికి జోడీ పెదరాయుడు. 1994లో తమిళంలో నాట్టామై, 1995లో తెలుగులో మా జిల్లా మనిషే అయిన మోహన్‌బాబుతో పెదరాయుడు. కోయంబత్తూరు వైపు పెద్దమనిషి పంచెకట్టు అట్లా మన రాయుడి పంచెకట్టయింది. మా తాత ఆ సినిమా చూసి, ఇంత వెడల్పు జరీ అంచు పంచె కట్టుకుని పంచాయితీకి ఎవడు కూర్చుంటాడ్రా, పెళ్లికొడుకా, అన్నాడు. రెండేళ్లకి మా తట్టు పెళ్లిళ్లలో ఆడపిల్ల తండ్రులంతా అదే అంచు.

రంగుల సంగతి చెప్పకపోతే ఇది సగంలో ఆగినట్టే. దూరదర్శన్ 1982 నుంచి రంగుల్లో వస్తున్నా మా వీధిలో తొంభైల నడిమి దాకా సగం ఇళ్లలో తెలుపు నలుపు టీవీలే. అంటే పాట రోజూ చూస్తున్నా చీర ఏ రంగో తెలియదు. హమ్ ఆప్కే హై కౌన్ 1994లో వచ్చి, తెలుగులో ప్రేమాలయం అయి, మాధురీ దీక్షిత్ కట్టిన వంకాయరంగు చీర దేశమంతా ఊగిపోయింది కదా, మా ఇంట్లో ఆ చీర బూడిదరంగు. అక్క హాలుకి పోయి చూసిందే గానీ ఒక్కసారి చూసిన రంగు మనసులో ఎన్నాళ్లు నిలుస్తుంది? పోస్టరు చూస్తే అందులో సిరా నీలానికి దగ్గరగా ఉంది. కొట్లో సేల్స్‌మ్యాన్ మూడు చీరలు పరిచి మూడూ ప్రేమాలయమే అన్నాడు. ఒకటి నేరేడు, ఒకటి వంకాయ, ఒకటి అచ్చంగా మాగిన బీట్రూటు. అక్క అరగంట తర్వాత బీట్రూటు కొంది.

జాకెట్టు దగ్గర ఇంకో సెన్సారు. తెరమీద ఆ జాకెట్టుకి వీపు దాదాపు లేదు. మా అమ్మ, లేడీస్ టైలరు దగ్గరకి స్వయంగా వెళ్లి, "ముందర ఎట్లా కావాలంటే అట్లా కుట్టమ్మా, వెనకాల మాత్రం నా పెళ్లి జాకెట్టులాగే ఉండాల" అని చెప్పి వచ్చింది. చివరికి అక్క ఒంటిమీద నిలబడిన మాధురి చీరలో రంగు సేల్స్‌మ్యాన్‌ది, వీపు మా అమ్మది, జరీ అంచు లేసు గజం లెక్కన చిన్నబజారు వీధిలో కొన్నది. అందులో మాధురిది ఎంతో మీరే చెప్పండి. అయినా అక్క ఆరోజు పెళ్లిలో ఎట్లా నడిచిందో నాకు గుర్తుంది, ఆ నడక మాత్రం సినిమాదే.

ఆడవాళ్ల బట్టల్లో తొంభైల్లో వచ్చిన అసలు మార్పులు రెండూ సినిమా ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. ఒకటి పంజాబీ డ్రెస్సు. అప్పటిదాకా మా తట్టు పెద్దమనిషైన పిల్లకి పావడా దావణీ, ఇక అంతే. హీరోయిన్లు ఎనభైల నుంచీ పాటల్లో ఏవేవో వేస్తూనే ఉన్నారు, వాటిని చూసి ఒక్క తండ్రి కూడా కూతురికి కొనిపెట్టలేదు. పంజాబీ డ్రెస్సు ఎందుకొచ్చిందంటే ఆడపిల్లలు వడమాలపేట నుంచి, రేణిగుంట నుంచి రోజూ బస్సులో తిరుపతికి చదువుకోను రావడం పెరిగింది, పద్మావతి మహిళా యూనివర్సిటీ 1983 నుంచి ఉంది, టీవీఎస్ మోపెడ్లు ఇళ్లలోకి వచ్చాయి. దావణీతో ఆర్డినరీ బస్సు మెట్టు ఎక్కడం, మోపెడ్ తొక్కడం ఎంత అవస్థో అడగండి. అవసరం ముందే ఉంది. సినిమా చేసిందల్లా దానికి ఒక మర్యాద కల్పించడం, మంచి ఇంటి హీరోయిన్ కూడా వేసుకుంటుంది అని చూపించడం. మొదట్లో చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులు, ముందు వి ఆకారంలో, ఇస్త్రీ చేసిన మడత చెదరకుండా. దావణీ చేసే పనంతా చున్నీ చేత చేయించారు, అప్పుడు పెద్దాళ్లు ఒప్పుకున్నారు.

రెండోది నైటీ. దీని గురించి ఎవరూ వ్యాసాలు రాయరు గానీ దశాబ్దం మొత్తంలో ఎక్కువమంది ఒంటిమీదకి వచ్చిన కొత్త బట్ట ఇదే. మా నగరి, పుత్తూరు వైపు పవర్‌లూములున్నాయి, చవక గుడ్డకి కొరత లేదు. పేరుకి రాత్రి బట్ట, వాడకం పగలంతా. పాలవాడొస్తే భుజాన ఒక తువ్వాలు, వీధి చివరికి పోవాలంటే అదే తువ్వాలు. నైటీ మీద తువ్వాలు వేసుకున్న హీరోయిన్‌ని ఏ తెలుగు సినిమాలోనైనా చూశారా? లేదు. అది చీరకి పైట ఉండాలన్న అలవాటులోంచి మన ఆడవాళ్లు సొంతంగా కనిపెట్టుకున్నది. తర్వాత ఈటీవీ, జెమినీ సీరియల్స్ వచ్చి పొద్దున్నే పట్టుచీరలో పూజ చేసే కోడళ్లని చూపిస్తుంటే, వాటిని నైటీల్లో కూర్చుని చూశారు.

తిరుపతికి మాత్రమే ఉన్న రెండు మూడు చిత్రాలు ఇక్కడ చెప్పి ముందుకి పోతా. సల్మాన్ ఖాన్ ప్రేమ పావురాలులో కనిపించిన, ఫ్రెండ్ అని రాసిన టోపీ వేరే ఊళ్లలో ఒక సీజన్ ఆడి పోయి ఉంటుంది. మా దగ్గర గుండు చేయించుకుని కొండ దిగేవాళ్లకి ఎండకి టోపీ కావాలి, రోజూ కావాలి, అందుకని బస్టాండు దగ్గర ఆ టోపీలు ఏళ్ల తరబడి వేలాడాయి. తలనీలాలిచ్చిన తాతలు నెత్తిమీద ఇంగ్లీషులో ఫ్రెండ్ అని రాసుకుని సత్రాలకి పోతుంటే చూడముచ్చటగా ఉండేది. 1996లో ప్రేమదేశం వచ్చాక అబ్బాస్ కటింగు కోసం ఆర్నెల్లు జుట్టు పెంచిన మా దోస్తు ఒకడు, వాళ్లమ్మ మొక్కు గుర్తొచ్చి, ఆ జుట్టు కళ్యాణకట్టలో ఇచ్చి వచ్చాడు. వాడి బాధ చూసి నవ్వాం గానీ, తిరుపతి కుర్రాడికి జుట్టు ఫ్యాషన్ ఎప్పుడూ అద్దెకి తీసుకున్నట్టే.

ఇక గంగమ్మ జాతర. తాతయ్యగుంట గంగమ్మకి ఏటా వేసవిలో వారం రోజుల జాతర, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి. మగవాళ్లు చీరలు కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని వస్తారు, మీసాలున్నవాళ్లు కూడా. తొంభైల్లో దాన్ని చూస్తే ఆ ఏడాది ఫ్యాషన్ మొత్తం అర్థమైపోయేది, ఎందుకంటే కుర్రాళ్లు అక్కవో వదినవో బీరువాలో ఉన్నవాటిలో కొత్తదే అడిగి కట్టుకునేవాళ్లు. ప్రేమాలయం చీర నేను మొదట దగ్గరగా చూసింది మా అక్క మీద కాదు, జాతరలో ఒక ఆటో అన్న మీద. అందుకే మా ఊరికి సినిమా వచ్చి వేషం కట్టడం నేర్పింది అంటే ఒప్పుకోలేను, అది నేర్పించుకునే ఊరు కాదు.

దశాబ్దం చివర్లో ఈ గొలుసు తెగింది, అదీ సినిమా దగ్గరే తెగింది. 1998లో తొలిప్రేమ నాటికి హీరో బట్టలు చూస్తే, కొట్లో హ్యాంగర్ మీద నుంచి తీసి వేసుకున్నట్టున్న చొక్కాలు, జీన్స్, టీషర్టులు. దాన్ని టైలరు దగ్గరకి ఏమని తీసుకుపోతాం? జీన్స్ కుట్టే మిషను ఆయన దగ్గర లేదు, టీషర్టు గుడ్డ ఆయన మిషను మీద సాగిపోతుంది. బళ్లారి నుంచి చవక జీన్స్, తిరుప్పూరు నుంచి ఎక్స్‌పోర్ట్ సరుకు అని చెప్పే టీషర్టులు ఫుట్‌పాత్ మీద గుట్టలుగా పడ్డాయి. (తిరుప్పూరు, తిరుపతి ఒకటే అనుకుని, అంత దేవుడి ఊళ్లో బనియన్లు కూడా చేస్తారా అని నన్నడిగిన వాళ్లు ఇద్దరున్నారు.) హీరోయే రెడీమేడ్ వేస్తే అభిమాని కూడా రెడీమేడే కొంటాడు, మధ్యలో మనిషితో పని లేదు. అదే సమయంలో 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి వచ్చి రాయలసీమ అంటే తెల్ల బట్టలు, సుమోలు అని ఖాయం చేసింది. మా ఊళ్లో అప్పటిదాకా తెల్ల చొక్కా అంటే బడిపంతులు. ఆ తర్వాత వార్డు మెంబరు కూడా తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. మా బట్టలు ఎట్లా ఉంటాయో సినిమా ముందు చెప్పింది, మేం తర్వాత వేసుకున్నాం. ఇదొక్కచోట మాత్రం హీరోని చూసి జనం అన్న కథ అక్షరాలా నిజం, దానికి ఎవరూ రీల్స్ చేయరు.

మా టైలరన్న కొట్టు ఇంకా ఉంది. ఇప్పుడు ఆయన కొడుకు కూర్చుంటున్నాడు, ఆయన సాయంత్రాలు వచ్చి ఊరికే కాజాలు చూస్తుంటాడు. పని దాదాపు అంతా ఆల్టరేషనే, జీన్స్ పొడుగు తగ్గించడం, చొక్కా పక్కలు కుదించడం. పోయిన నెల నేను అక్కడుండగా ఇంజనీరింగ్ కుర్రాడొకడు కొత్త ప్యాంటు పట్టుకొచ్చాడు, ఆన్‌లైన్‌లో కొన్నాడంట, తొడల దగ్గర గోనెసంచి, ముందర నాలుగు ప్లీట్లు. పొడుగు రెండంగుళాలు తగ్గించమన్నాడు. పెద్దాయన దాన్ని తీసుకుని లోపలి వైపు తిప్పి, ప్లీటు ఎంత లోతుందో వేలితో కొలిచి, "గుడ్డ బాగా వదిలినారబ్బా" అన్నాడు. తర్వాత బాటం రెండు చేతులతో సాగదీసి నా వైపు చూశాడు.

"పదహారు ఉంటది" అన్నాడు. "కవరు అక్కర్లేదు."